గండికోట కింద పెన్నలో నడక: బండల నుంచి ఇసుక మేట దాకా

కోట అంచు నుంచి పెన్నలోకి దిగాలి. నీళ్ళ వెంబడి కాసేపు బండల మీద, కాసేపు మోకాలి లోతు నీళ్ళలో, అడుగు పెట్టే చోటు లేకపోతే పుట్టిలో, అంటే గుండ్రటి బుట్ట పడవలో పోవాలి. మైలవరం వైపు గండి వెడల్పయ్యే చోట ఇసుక మేట మీద తేలాలి. నడకంతా ఇంతే. దూరం చెబితే ఇంతేనా అంటారు, అందుకే తేలిగ్గా తీసుకుంటారు. బండల మీద ఎనిమిది మంది గుంపు గంటకు ఒక కిలోమీటరు పోతే బాగా పోయినట్టే. రోడ్డు మీద నడిచే వేగంతో లెక్కలేసుకుని వచ్చినవాళ్ళకు మధ్యాహ్నం ఒంటిగంటకు నెత్తిన ఎండ, చేతిలో ఖాళీ సీసా, ముందు ఇంకా సగం దారి మిగులుతాయి.

అన్నిటికన్నా ముందు నీళ్ళ సంగతి. మన కడప జిల్లాలో యేటికి నీళ్ళు రావాలంటే వాన పడాలని అందరి లెక్క. ఈ గండిలో ఆ లెక్క చెల్లదు. గండికి పైన 26.85 టీఎంసీల గండికోట ప్రాజెక్టు ఉంది. కింద మైలవరం జలాశయం ఉంది. కోట అంచున నిలబడితే కనిపించే పచ్చని నీళ్ళు చాలావరకు మైలవరం నుంచి వెనక్కి నిలిచినవే. పై ప్రాజెక్టుకేమో శ్రీశైలం నీళ్ళు పోతిరెడ్డిపాడు, బనకచర్ల, గోరకల్లు, అవుకు మీదుగా వస్తాయి. అంటే ఎక్కడో పశ్చిమ కనుమల్లో కురిసిన వాన, జమ్మలమడుగులో చుక్క మబ్బు లేని రోజున ఇక్కడ గేటు ఎత్తించగలదు. మైలవరానికి నీళ్ళు వదిలారంటే ఆ నీళ్ళకు ఈ గండి తప్ప వేరే దారి లేదు. రెండు వైపులా సుమారు 300 అడుగుల గోడలున్న ఇరుకులో నీళ్ళు పక్కలకు పరుచుకోలేవు, పైకే లేస్తాయి. పొద్దున మనం నడిచిపోయిన బండలు తిరిగొచ్చేసరికి నీళ్ళ కింద ఉండడం ఇక్కడ మామూలే.

అందుకని తేదీ ఖాయం చేసుకునే ముందు వాతావరణం కన్నా గేట్ల సంగతి కనుక్కోవాలి. పేపర్లలో వచ్చే నీటిమట్టం అంకెలు కొంతవరకు పనికొస్తాయి కానీ అవి నిన్నటివి. ఈరోజు సంగతి ప్రాజెక్టు దగ్గర గేట్లు చూసుకునే లస్కర్లకు తెలుస్తుంది. మైలవరంలో వల వేసేవాళ్ళకు అంతకన్నా బాగా తెలుస్తుంది. మేం ముందురోజు సాయంత్రం ఒకసారి, బయలుదేరే పొద్దున ఒకసారి అడుగుతాం. అడిగే ప్రశ్న "నీళ్ళు ఎంత ఉన్నాయి" అని కాదు, "ఎక్కుతున్నాయా, తగ్గుతున్నాయా" అని. తగ్గుతున్న నీళ్ళు కాస్త ఎక్కువున్నా నడక సాగుతుంది. ఎక్కుతున్న నీళ్ళు తక్కువే ఉన్నా ఆరోజు దిగకూడదు.

అది కంటితోనూ తెలుస్తుంది. కోట అంచు నుంచి చూస్తే ఎర్రటి గోడల అడుగున తెల్లగా ఒక చార ఉంటుంది. నిండుగా ఉన్నప్పుడు నీళ్ళు అందుకున్న హద్దు అది. దానికీ ఇప్పటి నీళ్ళకూ మధ్య ఎంత ఎడముంటే కింద నడవడానికి అంత చోటు. ఒడ్డుకు దిగాక నీటి అంచు చూడాలి. నీటికి పైన బండ జానెడు మేర తడిసి, దాని మీద పాచి ఇంకా మెత్తగా ఉందంటే నీళ్ళు తగ్గుతున్నట్టు. ఎండిన గడ్డీ ఎండిన ఆకులూ నీటి అంచునే తేలుతున్నాయంటే ఎక్కుతున్నట్టు. అలలుంటే ఇది తికమక పెడుతుంది. అప్పుడు అంచున పుల్ల గుచ్చి, పావుగంట బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, నడుము పట్టీలు బిగించుకుంటూ కూర్చోవాలి. పావుగంటలో నీళ్ళు రెండు వేళ్ళు ఎక్కినా మా గైడు సంచీ భుజానేసుకుని పైకి తిరుగుతాడు. "అన్నా, ఈ పొద్దు వద్దు. నీళ్ళు ఎక్కతాండాయి. యేరు యాడికీ పోదు, మనం ఇంగోసారి వద్దాం" అంటాడు. ఆ మాట అనగలిగినవాడే గైడు. అంతదూరం వచ్చాం, డబ్బు కట్టాం అని గుంపు గొణుగుతున్నా వెనక్కి తిప్పగలగాలి.

కాలం విషయానికొస్తే, జూన్ నుంచి డిసెంబరు దాకా అసలు తలపెట్టొద్దు. జూలై తర్వాత కృష్ణ నీళ్ళు కాలువల్లోకి వస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో మనకు తుపాన్లు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన సంగతి ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోరు. సీమ యేర్లు సంవత్సరంలో ఎక్కువ రోజులు ఎండి ఉంటాయి, వచ్చినప్పుడు మాత్రం గంటల్లో వస్తాయి. జనవరి చివర నుంచి మార్చి సగం దాకా మంచి కాలం. అప్పటికి మైలవరం నీళ్ళు పొలాలకూ తాగడానికీ పోయి మట్టం దిగి ఉంటే ఇసుక బయటపడుతుంది, ఎండ ఇంకా ముదరదు. ఏ యేడైనా మైలవరం నిండుగానే ఉంచితే ఆ యేడు నడక లేదు, పడవే. ఏప్రిల్లో నీళ్ళు ఇంకా తగ్గి నడవడానికి చోటు ఎక్కువవుతుంది కానీ రాయి కాలుతుంది. ఇక్కడి రాయి క్వార్ట్‌జైట్. భూగర్భశాస్త్రం పుస్తకాల్లో దీనికి ఈ ఊరి పేరే ఉంది, గండికోట క్వార్ట్‌జైట్ అని. పొద్దున ఎండను పీల్చుకుని మధ్యాహ్నం నుంచి రెండు గోడలూ కలిసి దాన్ని మన మీదికి వదులుతాయి. నీడ ఉన్నచోట కూడా సెగ తగులుతూనే ఉంటుంది.

గైడు గురించి ఇంకొంచెం. కోట చూపించే గైడు వేరు, యేటిలోకి తీసుకుపోయే గైడు వేరు. మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం గురించి గంటసేపు చక్కగా చెప్పేవాడికి కింద ఏ బండ కదులుతుందో తెలియాల్సిన పని లేదు. 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోసం ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే కూడా కోటకు చేరే దారి ఎంత ఇరుకో రాశాడు తప్ప కింద నీళ్ళలోకి దిగిన ముచ్చట చెప్పలేదు. యేటి నడకకు చేపలు పట్టే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మేలు. సాహస క్రీడల్లో శిక్షణ తీసుకున్న మనిషి ఒకరు తోడుంటే ఇంకా మేలు. ఒకరికి నీళ్ళు తెలుసు, ఇంకొకరికి తాడు తెలుసు. ఎనిమిది మందికి ఇద్దరు, ఒకరు ముందు, ఒకరు చివర. ఒక్కడే ఉంటే ఎవరికైనా కాలు బెణికినప్పుడు దెబ్బ తగిలినవాడి దగ్గర కూర్చోవాలా, మిగతావాళ్ళను నడిపించాలా అన్న చిక్కు వస్తుంది.

గైడు మంచివాడా కాదా అన్నది అయిదు నిమిషాల్లో తేలుతుంది. ఈత వచ్చినవాళ్ళెవరు, బీపీ, షుగరు, ఆస్తమా ఎవరికున్నాయి అని అడుగుతాడా? ప్రతివాళ్ళ బూటు అడుగు తిప్పి చూస్తాడా? తాడు తనదేనా, ఎప్పుడు కొన్నాడు? వెనక్కి తిరగాల్సిన వేళ ముందే చెబుతాడా? మేం పెట్టుకున్న హద్దు పదకొండున్నర. అప్పటికి ఇసుక మేట కంటికి కనబడకపోతే ఎక్కడున్నామో అక్కడి నుంచే వెనక్కి. ఫొటోలు బాగా తీస్తాడని గైడును ఎంచుకోవడం ఈమధ్య చూస్తున్నాం. ఫోను పట్టుకున్న చేత్తో తాడు పట్టలేడు.

కోట కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది కాబట్టి గోడల మీద ఎక్కడం, రాళ్ళు పీకడం, డ్రోన్ ఎగరేయడం కుదరదు. కిందికి దిగుతున్నామని స్థానిక పోలీసులకు, గైడు ఊరివాళ్ళకు ఒక కాగితం మీద పేర్లు రాసిచ్చి పోవాలి. సాయంత్రం ఎన్నింటికల్లా ఫోను రాకపోతే వెతకాలో కూడా అందులో రాయాలి. గోడల మధ్యకు దిగాక సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు.

సామాను దగ్గర ఎక్కువమంది బోల్తా పడేది బూట్ల విషయంలో. కొత్తవి కొని నేరుగా రావొద్దు. తోలు బూట్లు నీళ్ళు పీల్చి ఒక్కొక్కటి ఇటుకంత బరువెక్కుతాయి. చెప్పులు, వెనక పట్టీ లేని శాండల్స్ మొదటి బురదలోనే కాలు వదిలేస్తాయి. కావలసింది తాళ్ళున్న గుడ్డ బూట్లు, మెత్తటి రబ్బరు అడుగు. గట్టి ప్లాస్టిక్ అడుగున్నవి ఎండిన బండ మీద బాగానే ఉండి తడి బండ మీద మోసం చేస్తాయి. ఇంట్లోనే పరీక్ష చేయొచ్చు. బాత్‌రూమ్ గచ్చు మీద నీళ్ళు పోసి, గోడ పట్టుకుని నిలబడి కాలు ముందుకు నెట్టి చూడండి, జారితే అవి వద్దు. మేజోళ్ళు నైలాన్‌వి వేసుకోవాలి. నూలువి తడిసి ముడతలు పడతాయి, ముడతల్లో ఇసుక చేరుతుంది, గంటలో మడమ దగ్గర బొబ్బ లేస్తుంది. జీన్స్ ప్యాంటు వేసుకొచ్చినవాళ్ళను మా గైడు దిగనివ్వడు. తడిసిన జీన్స్‌తో మోకాలు పైకెత్తి బండ ఎక్కడం ఎంత కష్టమో ఒక్కసారి ఎక్కి చూస్తే తెలుస్తుంది.

లైఫ్‌జాకెట్ ఈత వచ్చినవాళ్ళకు కూడా. ఈత వచ్చినా తల బండకు తగిలితే ఆ ఈత అక్కరకు రాదు. జాకెట్ తొడిగి పట్టీలన్నీ బిగించాక ఇంకొకరు రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. అది చెవుల దాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టే. నీళ్ళలో పడితే జాకెట్ పైకి తేలి మనిషి కిందికి జారుతాడు. కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్న జాకెట్లయితే ఈ బెడద తక్కువ. లోపలి ఫోమ్ నొక్కితే పెళుసుగా విరిగేవి, కుట్లు ఊడినవి, బకిల్ బదులు ముడి వేసినవి పక్కన పెట్టేయాలి. తలకు హెల్మెట్. పైన మేకలు తిరుగుతాయి, వాటి కాళ్ళ కింది నుంచి చిన్న రాళ్ళు దొర్లుతాయి. కోట అంచున నిలబడ్డ పర్యాటకులు సరదాకి రాయి విసరడం దానికన్నా ఎక్కువ. పైవాడికి కింద మనుషులున్నట్టు తెలియదు.

తాళ్ళు రెండు రకాలు కావాలి. దిగడానికి 10 లేదా 11 మిల్లీమీటర్ల సాగని తాడు, 30 మీటర్లు. నీళ్ళలో విసరడానికి తేలే తాడు, 15 నుంచి 20 మీటర్లు, సంచీలో వదులుగా కూరింది. నూతి తాడు, గడ్డిబండికి కట్టే తాడు ఈ రెండింటికీ పనికిరావు. ఇవి కాక మనిషికొక విజిల్. ఒక ఊదు ఆగు, రెండు రా, మూడు ప్రమాదం. నీళ్ళ హోరులో, గోడల ప్రతిధ్వనిలో అరుపు ఎటు నుంచి వచ్చిందో తెలియదు కాబట్టి ఈ లెక్క దిగకముందే అందరి చేతా అప్పజెప్పించుకోవాలి. భుజం ఎత్తున వెదురు కర్ర కూడా ఉండాలి. లోతు, బురద, జారుడు మూడూ ముందు కర్రకే తెలుస్తాయి.

తాగే నీళ్ళు మనిషికి 4 లీటర్లు. బరువనిపిస్తుంది కానీ గండిలో నీళ్ళు నేరుగా తాగేవి కావు. అందులో ఒక లీటరు ఓఆర్ఎస్. పొట్లం మీద చదివి కలపాలి. పెద్ద పొట్లం లీటరుకు, చిన్నది గ్లాసుడు నీళ్ళకు. పెద్ద పొట్లాన్ని గ్లాసులో కలిపి తాగితే మేలు బదులు కీడు. తిండి తేలిక. పొద్దున అయిదున్నరకు మరమరాల ఉగ్గాని కొద్దిగా, దారిలో వేయించిన చెనిక్కాయలు, బెల్లం, అరటిపండ్లు. బిర్యానీ పొట్లాలు తెచ్చుకుంటే తిన్న తర్వాత ఎవరూ లేవరు.

ఆరున్నరకల్లా దిగడం మొదలుపెట్టాలి. ఈ రాయి పగుళ్ళ వెంబడి పెద్ద పెద్ద పలకలుగా, గుండ్లుగా విడిపోతుంది. అందుకే దారంతా ఒకదాని మీద ఒకటి పేర్చిన గుండ్లే, మధ్యలో మనిషి పట్టేంత సందులు. పెద్దది కదలదు, చిన్నది కదులుతుంది అనుకోవద్దు. బండెడు రాయి కూడా కింద చిన్న గులకరాయి మీద ఊగుతూ ఉండొచ్చు. కాలు రాయి అంచున కాకుండా నడిమధ్యన పెట్టి, సగం బరువు మోపి, కదలడం లేదని తేలాకే రెండో కాలు ఎత్తాలి. ఎవరి కింద నుంచైనా రాయి జారితే "రాయి" అని గట్టిగా అరవాలి. కిందివాళ్ళు పైకి చూడకుండా గోడకు అతుక్కోవాలి, పైకి చూస్తే ముఖానికే తగులుతుంది. ఒకరి నెత్తి మీదుగా ఒకరు దిగకుండా అడ్డంగా ఎడమెడంగా దిగితే ఈ గొడవ సగం తగ్గుతుంది. వాలు తక్కువున్నచోట ముందుకు చూస్తూ, నిట్రంగా ఉన్నచోట రాయి వైపు తిరిగి నిచ్చెన దిగినట్టు దిగాలి. కూర్చుని జారడం సులువనిపిస్తుంది, కానీ సంచీ వెనక తగిలి మనిషిని ముందుకు తోస్తుంది. అందుకే దిగేటప్పుడు సంచీ ఎత్తు తలను దాటకూడదు. సందుల్లో చూడకుండా చేయి పెట్టొద్దు. చల్లదనానికి రక్తపింజరి కూడా అక్కడే చేరుతుంది. మేం దిగడానికి ముప్పావుగంట నుంచి గంట వేసుకుంటాం.

పాముకన్నా మాకు ఎక్కువ భయం కొండ తేనెటీగలంటే. గోడకు వేలాడే నల్లటి పెద్ద పెద్ద పట్టులు దూరానికి తారు మరకల్లా కనిపిస్తాయి. అరుపులు, పొగ, ఘాటైన సెంటు, గోడ దగ్గరికి పోయే డ్రోన్ వాటిని రేపుతాయి. పట్టున్న గోడ కింద మాట లేకుండా, వీలైనంతవరకు అవతలి ఒడ్డు నుంచి దాటాలి. రేగితే నీళ్ళలో దూకడం అందరికీ తోచే ఉపాయం. అది పనిచేయదు, తల పైకెత్తేదాకా అవి పైనే తిరుగుతుంటాయి. తువ్వాలో చొక్కానో తల మీదుగా ముఖం కప్పేలా లాక్కుని, చేతులు విసరకుండా, గోడకు దూరంగా ఆగకుండా పోవాలి. కుట్టిన ముల్లును వెంటనే గోరుతోనో కార్డు అంచుతోనో గీకి తీసేయాలి. ఆలస్యం చేసేకొద్దీ విషం లోపలికి పోతుంది. పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా అది నొప్పి వ్యవహారం కాదు, ఎలర్జీ. నడక అక్కడితో ఆపి బయటికి చేర్చాలి. ఇదివరకు తేనెటీగ కుట్టి ఒళ్ళంతా దద్దుర్లు లేచినవాళ్ళు ఈ నడకకు రాకపోవడమే మంచిది.

నీళ్ళలో నడిచేటప్పుడు అడుగు ఎత్తి వేయకూడదు, ఈడ్చాలి. గోధుమరంగు పాచి పచ్చదానికన్నా ఎక్కువ జారుతుంది. ఎండిన బండ నుంచి తడి బండ మీదికి మారే ఆ ఒక్క అడుగులోనే ఎక్కువమంది పడతారు, ఎందుకంటే కాలికి పట్టు ఉందన్న ధీమా అప్పటిదాకా ఉంటుంది. నీళ్ళు నిలకడగా ఉంటే నడుము లోతు దాకా పోవచ్చు. పారుతుంటే మోకాలు దాటనివ్వం. దాటక తప్పని చోట ముఖం ఎగువకు పెట్టి, కర్ర ముందు ఆనించి, పక్కకు పక్కకు జరగాలి. ముగ్గురు భుజాలు పట్టుకుని గుండ్రంగా నిలబడి జరిగితే ఒంటరిగా దాటేదానికన్నా భద్రం. సంచీ నడుము పట్టీ తీసేసి ఉంచాలి, పడితే వదిలించుకునేందుకు. తాడును మాత్రం ఎవరి నడుముకూ కట్టొద్దు. పారే నీళ్ళలో పడ్డ మనిషిని తాడు ఒకచోట పట్టి ఉంచితే నీళ్ళు అతణ్ణి కిందికి అదుముతాయి. తాడు చేత్తో పట్టుకోవాలి, అవసరమైతే వదిలేయగలగాలి. కొట్టుకుపోతే వెల్లకిలా తిరిగి, కాళ్ళు ముందుకు, వేళ్ళు నీటి పైకి పెట్టి తేలాలి. నిలబడాలని చూస్తే బండల సందులో పాదం ఇరుక్కుంటుంది.

వలలు వేరే సంగతి. నీళ్ళు నిలిచిన మడుగుల్లో జాలర్లు కట్టిన వలలు కంటికి కనబడవు. వాటి గుర్తు పైన వరుసగా తేలే థర్మకోల్ ముక్కలు, ఖాళీ ప్లాస్టిక్ సీసాలు. ఆ వరుసకు పదడుగుల దూరంలో కూడా ఈత కొట్టొద్దు. కాలికి చుట్టుకుంటే తన్నుకోకుండా ఆగి చేత్తో విప్పుకోవాలి. గైడు దగ్గర చిన్న కత్తి ఉండేది ఇందుకే. అయితే వల కోయడం ప్రాణం మీదికొచ్చినప్పుడే, అది ఒక ఇంటి బతుకుదెరువు.

గోడ నేరుగా నీళ్ళలోకి దిగే చోట నడక ఆగుతుంది, అక్కడ పుట్టి కావాలి. ముందురోజే మాట్లాడుకుని ఆ చోటికి రమ్మనాలి. పుట్టిలో నలుగురికి మించి వద్దు, నడిపేవాడు కాక. ఎక్కేటప్పుడు అంచు మీద కాలు పెడితే అది తిరగబడుతుంది. ఒడ్డున ఒకరు పట్టుకోగా కాలు నడిమధ్యన పెట్టి వెంటనే కూర్చోవాలి. ఎదురెదురుగా, బరువు సమంగా, అడుగున కూర్చోవాలి. ఫొటో కోసం అందరూ ఒకవైపు వంగడం, లేచి నిలబడడం రెండూ నిషేధం. అది గుండ్రంగా తిరుగుతూ పోవడం చూసి మునుగుతోందని కంగారు పడతారు. తెడ్డును ముందువైపు అటూ ఇటూ ఆడించి లాగే పద్ధతి అది, కాస్త తిరగడం దాని నడకే. పొద్దెక్కాక గండిలో గాలి లేస్తుంది. నీళ్ళ మీద తెల్లటి నురగ అంచులు కనబడితే పుట్టి కదలకూడదు. ఎత్తు గోడల మధ్య దానికి ఆగే ఒడ్డు ఉండదు. పదిలోపు ఈ భాగం దాటేయాలనడం గాలి వల్లే.

ఇసుక మేట దగ్గరికి వచ్చేసరికి అందరూ పరుగెత్తుతారు. పరుగెత్తకుండా ఆపడం గైడుకు ఆ రోజంతటిలో పెద్ద పని. మేట అంతా ఒకే ఇసుక కాదు. ఎగువన కాలు పెడితే కరకరమనే ముతక ఇసుక, అది గట్టిది. నీటి వైపు జరిగేకొద్దీ జలాశయం వదిలిపోయిన సన్నటి ఒండ్రు. పైన ఎండి పలకలుగా చీలి నడవొచ్చన్నట్టు కనిపిస్తుంది, రెండంగుళాల కింద జిగురు బురద. కర్ర గుచ్చితే జానెడు దాటి సులువుగా దిగిందంటే అక్కడ కాలు పెట్టొద్దు. దిగబడితే కాలు గుంజకూడదు, ఒకటి గుంజితే రెండోది ఇంకా దిగుతుంది. వెనక్కి వాలి కూర్చుని, బరువు ఒళ్ళంతా పరిచి, కాలును చిన్నగా ఆడిస్తూ నీళ్ళు సందులోకి చేరేదాకా ఆగి తీయాలి. బూటు పోతే పోనివ్వాలి.

ఇసుక చూసి ఇది సముద్రం ఒడ్డు లాంటిదే, మెల్లగా లోతవుతుంది అనుకోవడం ఇంకో ప్రమాదం. ఇది పాత యేటి గర్భం. మోకాలి లోతులో నాలుగు అడుగులు వేశాక అయిదో అడుగుకు నేల ఉండకపోవచ్చు, పాత కాలువ అంచు అక్కడ తెగుతుంది. దానికి తోడు బండ్లు, ట్రాక్టర్లు దిగగలిగే ఒడ్డుల్లో ఇసుక తోడిన గుంతలుంటాయి. పెన్న, పాపఘ్ని, చెయ్యేరు అన్నింటిలో ఇదే కథ. పైకి నీళ్ళు నిశ్చలంగా ఉంటాయి, గుంత అంచు ఇసుక కాలి కింద జారిపోతుంది. అందుకే స్నానం చేసే చోటును గైడు జాకెట్ వేసుకుని, కర్రతో లోతు చూస్తూ నడిచి, రెండు కర్రలు పాతి హద్దు పెడతాడు. ఒక మనిషి ఒడ్డున విసిరే తాడు చేతబట్టుకుని నిలబడే ఉంటాడు. అతను స్నానం చేయడు, ఫోను చూడడు. వంతు మారుతుంది. జాకెట్లు విప్పేది ఒడ్డుకు వచ్చాకే.

రాత్రి మేట మీద గుడారం వేసుకోవాలని చాలామంది అడుగుతారు. మా జవాబు ఒకటే. పైన గేటు ఉన్నంతవరకు కింద ఇసుక మీద నిద్ర లేదు. పడుకునేది కోట ఊరి దగ్గర, పైన.

బయటపడేదారి రెండు రకాలు. మైలవరం వైపు పడవ లేదా పుట్టిలో దాటి బండి ఎక్కడం ఒకటి, వచ్చిన దారినే తిరిగి కోటకు ఎక్కడం ఒకటి. రెండోది ఎంచుకుంటే మధ్యాహ్నం మూడున్నర దాకా నీడలో కూర్చుని ఆ తర్వాతే ఎక్కాలి. ఒంటిగంట ఎండలో ఎక్కడం మొదలుపెడితే సగం దారిలో తలనొప్పి, ఒళ్ళు చల్లబడి చెమట పోయడం, వాంతి వచ్చేట్టుండడం మొదలవుతాయి. అలాంటి మనిషిని వెంటనే నీడకు చేర్చి, మెడ మీదా చంకల్లోనూ తడిగుడ్డ పెట్టి, ఓఆర్ఎస్ గుక్క గుక్కగా తాగించాలి. మాట తడబడి, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బ. అప్పుడు నోట్లో ఏమీ పోయకూడదు. ఒళ్ళంతా తడిపి, విసురుతూనే ఒక మనిషిని సిగ్నల్ అందే ఎత్తుకు పంపి 108కు ఫోను చేయించాలి.

మేం ఎక్కువగా మైలవరం దారినే పోతాం. దానికి బండిని ముందే అటువైపు పెట్టించుకోవాలి. గండికోట నుంచి జమ్మలమడుగు 15 కిలోమీటర్లు, అక్కడి నుంచి మైలవరం దగ్గరే. డ్రైవరుకు కట్ట ఏ చివర ఆగాలో చెప్పకపోతే అతనొక చివర, మనమొక చివర తేలతాం. బండిలో పొడి బట్టలు, ఇంకో 20 లీటర్ల నీళ్ళ డబ్బా ఉంచాలి. ఎక్కే ముందు మనుషుల్ని లెక్కపెట్టాలి, జాకెట్లను లెక్కపెట్టాలి, పొద్దున కాగితం ఇచ్చినవాళ్ళకు ఫోను చేసి అందరం వచ్చేశామని చెప్పాలి. ఆ ఫోను మరిచిపోతే పైన మనకోసం టార్చిలైట్లు పట్టుకుని వెతుకుతూ ఉంటారు.